మొదటి కాలు ఎవరిది?

అనగా అనగా, జంతువుల మాట మనుషులకూ మనుషుల మాట జంతువులకూ తెలిసే రోజుల్లో, సానగిరి అని ఒక చిన్న రాజ్యం ఉండేది.

సానగిరి కొండల నిండా గడ్డి. గడ్డి నిండా గొర్రెలు. పాలు, ఉన్ని, కంబళ్ళు, పెళ్ళిళ్ళు, పండుగలు అన్నీ ఆ గొర్రెల మీదే నడిచేవి.

ఆ కొండల్లో ఒక ఆడ తోడేలు కూడా ఉండేది. ఎప్పుడో ఒకసారి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయేది. కాపరులు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవారు.

రాజు రాచమల్లుడు మాత్రం ఊరుకోలేదు. దారుల్లో గోతులు తవ్వించి, అడుగున ఇనుప మేకులు పాతించాడు. తోడేలు ఒక గోతిలో పడింది. ఎలాగో పైకి పాకి తప్పించుకుంది. విచిత్రమేమంటే, ఆ తర్వాత అది మునుపటికన్నా ఎక్కువగా రావడం మొదలుపెట్టింది. ముందు ఒక గొర్రెపిల్ల పోయింది. తర్వాత ఒక ముసలి పొట్టేలు పోయింది. ఆపైన కాపలా కుక్క తోక సగం పోయింది. గోతులను మాత్రం అది ఇప్పుడు చుట్టి వెళ్తోంది.

రాజు కమ్మరి మాచనను పిలిపించాడు.

"మాచనా, నాకు నిద్రపోని కాపలా కావాలి. ఆకలి వేయని కాపలా కావాలి. జాలిపడని కాపలా కావాలి."

"అలాంటిది ఇనుము ఒక్కటే ప్రభూ," అన్నాడు మాచన, మీసం సవరించుకుంటూ. "నా చేతి ఇనుము పట్టిందంటే యముడొచ్చినా వదిలించలేడు."

"పున్నమిలోగా తోడేలు నా ముందుండాలి. లేకపోతే నీ కొలిమి మూసుకో."

మాచన మంచి పనివాడు. ఆ సంగతి అతనే అందరికీ చెప్పేవాడు. సమ్మెట దెబ్బ వేసిన ప్రతిసారీ ఎవరైనా చూశారా అని వీధి వైపు చూసేవాడు. కొలిమి దగ్గర తిత్తి ఊదేది అతని భార్య కామసాని. తిత్తిలో గాలి నింపడం ఆమె పని. మొగుడి గొప్పల్లో గాలి తీయడం కూడా ఆమె పనే.

ఇద్దరూ కలిసి ఒక యంత్రం చేశారు. అదెలా ఉండేదో చెబుతాను, వినండి.

కింద ఒక ఇనుప పట్టీ. దాని మీద విల్లులా వంగిన రెండు దవడలు. విప్పి పరిస్తే రెండూ కలిసి గుండ్రంగా, నేలను అంటుకుని పడుకుంటాయి. నడుమ అరచేయంత పళ్ళెం. అటొకటి ఇటొకటి రెండు ఉక్కు బద్దలు. ఒక్కొక్క బద్ద పటకారులా మడిచి ఉంటుంది. దాని రెండు కొసలకూ కన్నాలు. ఆ కన్నాల్లోంచి దవడల మొదళ్ళు పైకి వస్తాయి. బద్దను కిందికి నొక్కి ఉంచితే దవడలు తెరుచుకుని పడుకుంటాయి. వదిలితే బద్ద పై కొస ఎగురుతుంది. ఎగిరి, దవడలను మొదలంటా ఒడిసిపట్టి ఒకదానితో ఒకటి మూసేస్తుంది.

అది ఎగరకుండా ఆపేది ఒక చిన్న నాలుక. ఆ నాలుక ఒక దవడ మీదుగా వచ్చి, పళ్ళెం అంచున ఉన్న గాటులో కొస ఆనించి ఉంటుంది. పళ్ళెం మీద కాలు పడితే గాటు జారుతుంది. గాటు జారితే నాలుక లేస్తుంది. నాలుక లేస్తే దవడలు మూసుకుంటాయి. రెప్పపాటులో అంతా అయిపోతుంది.

కష్టమంతా బద్దల దగ్గరే. ఉక్కును ఎర్రగా కాల్చి ఆముదంలో ముంచితే గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే గాజులా విరుగుతుంది. కాబట్టి దాన్ని మళ్ళీ సన్నని సెగ మీద పెట్టాలి. నెమలి మెడ రంగు తేలగానే తీసేయాలి. అలా కాగిన ఉక్కే వంగుతుంది, వంగినా తన చోటికి తిరిగివస్తుంది. సెగ ఎంత సన్నగా ఉండాలో కామసాని తిత్తికి తెలుసు. రంగు ఎప్పుడు తేలుతుందో మాచన కంటికి తెలుసు.

చివరికి మాచన దవడలకు పళ్ళు కూడా పెట్టాడు, మొసలి పళ్ళలాంటివి. పట్టుకోవడానికి అవి అక్కర్లేదు. చూసేవాళ్ళ కోసం పెట్టాడు.

రాజుగారి బండి వచ్చింది. దళపతి దిగి, పళ్ళను చూసి, "ఆహా!" అన్నాడు. వీధి వీధంతా మూగింది. నలుగురు కలిసి యంత్రాన్ని గడప దాకా మోశారు.

"ఏమయ్యో," అంది కామసాని, తిత్తి దగ్గర నుంచి లేవకుండానే. "తొలివాడుక కాలేదుగా?"

సానగిరి కమ్మరి వీధిలో ఒక ఆచారం ఉండేది. దాన్నే తొలివాడుక అనేవారు. ఏ పనిముట్టునైనా చేసినవాడే మొదట వాడి చూడాలి. ఆ తర్వాతే అది గడప దాటాలి. కొడవలి చేసినవాడు మొదటి పిడికెడు గడ్డి కోసేవాడు. సూది చేసినవాడు మొదటి కుట్టు వేసేవాడు. గుర్రానికి లాడం కొట్టినవాడు ఆ గుర్రమెక్కి వీధి చివరిదాకా పోయి వచ్చేవాడు. తొలివాడుక లేని ఇనుము ఒక్కటి బయటికి పోయినా, ఇక ఆ వీధి ఇనుమును ఎవరూ నమ్మరు.

మాచన నవ్వాడు. "దీనికి తొలివాడుకేమిటే? ఇదేమన్నా కొడవలా, పారా?"

"కొడవలైతే కోసేవాడివి. పారైతే తవ్వేవాడివి. ఇది కాలు పట్టే ఇనుము. మొదటి కాలు ఎవరిది?"

వీధిలో అందరూ మాచన కాళ్ళ వైపు చూశారు.

"బిగించింది నేనే కదా. అదే వాడుక," అన్నాడు మాచన.

వీధికి పెద్దయిన బాచయ్య కర్ర ఆనించుకుని ముందుకొచ్చాడు. "మా నాయన మొదటి తాళం చేసిన రోజు, బయట నిలబడి తాళం వేశాడా, లోపల కూర్చుని వేయించుకున్నాడా?"

"లోపలే కూర్చున్నాడట, పెద్దయ్యా."

"అది తెరుచుకోక పొద్దుగూకేదాకా గదిలోనే ఉన్నాడు. అన్నం కిటికీలోంచి ఇచ్చాం. ఊరంతా నవ్వింది. ఆ తర్వాతే మా ఇంటి తాళాలకు పేరొచ్చింది."

దళపతికి విసుగొచ్చింది. "ఇంతసేపా! ఏదైనా మేక కాలు పెట్టి కానివ్వండి."

"మేక చేసిందా దీన్ని, దొరా?" అంది కామసాని.

మాచన యంత్రం వైపు చూశాడు. తను పెట్టిన పళ్ళు తనకే వింతగా కనిపించాయి. కాలు విరిగితే, ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు నిలబడలేడు. నిలబడలేనివాడు సమ్మెట ఎత్తలేడు. అలాగని వెనక్కి తగ్గితే పున్నమికి కొలిమి మూతపడుతుంది. ఏం చేయాలో తోచక, పక్కింటి దొడ్లోంచి ఒక చెరుకుగడ తెచ్చి పళ్ళెం మీద పొడిచాడు.

ఠక్!

చెరుకు రెండు ముక్కలైంది. రసం దళపతి చెప్పుల మీదికి చిమ్మింది.

"రసం బాగానే తీసింది," అంది కామసాని. "గానుగని చెప్పి అమ్ముకుందామా?"

బండి ఖాళీగా తిరిగిపోయింది.

మాచన ఆ పళ్ళన్నీ ఊడగొట్టి అంచులు నున్నగా రుద్దాడు. మళ్ళీ వీధి మూగింది. ఈసారి పచ్చి వెదురు పెట్టాడు. వెదురు తెగలేదు. కానీ రెండు దవడలూ పూర్తిగా కలుసుకోవడంతో నడుమ చిక్కిన చోట పీచుపీచుగా నలిగిపోయింది.

"కరవడం మానేసింది," అంది కామసాని. "నమలడం మిగిలింది."

మూడోసారి మాచన గొప్పలేవీ చెప్పకుండా పనిచేశాడు. వీధి వైపు కూడా చూడలేదు. దవడల అంచులు వెడల్పు చేశాడు. రెండూ మూసుకున్నా నడుమ బొటనవేలు పట్టేంత సందు ఉండేలా వంచాడు. బద్దల బలం మాత్రం తగ్గించలేదు. అవి బలంగా ఉంటేనే చిక్కిన కాలు జారదు. ఈసారి లేత సొరకాయ పెట్టి చూశాడు. సొరకాయ నలగలేదు. లాగితే ఊడి రానూ లేదు.

బాచయ్య వంగి చూసి తల ఊపాడు. "అదీ. అది కాటు, ఇది పట్టు. రెండూ ఒకటి కావు నాయనా."

ఇక మిగిలింది కాలే.

మాచన పంచె పైకి కట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తల్లినీ తండ్రినీ తలుచుకున్నాడు. కాలు పెట్టాడు.

ఠక్!

"చచ్చానే!" అని అరిచాడు. ఒక కన్ను తెరిచాడు. రెండో కన్ను తెరిచాడు. కాలు ఉంది. వేళ్ళు కదిలించాడు. అన్నీ కదిలాయి. "ఏం కాలేదు! చూశారా నా పనితనం!" అని మీసం మీద చెయ్యి వేశాడు.

"చూశాం," అంది కామసాని. "మరి బయటికి రా."

మాచన కాలు లాగాడు. రాలేదు. ఇద్దరు కుర్రవాళ్ళు చెరో దవడా పట్టుకుని విప్పబోయారు. కదల్లేదు. ఎవరో గునపం తెచ్చి దవడల మధ్య దూర్చబోతే, "కాలు! కాలు! నా కాలుంది లోపల!" అని మాచన కేకలు పెట్టాడు. పట్టుకోవడం గురించి అన్ని రోజులు ఆలోచించినవాడు, విడిపించడం గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. కొలిమిలో బిగించేటప్పుడు రెండు పెద్ద పటకార్లతో బద్దలు నొక్కేవారు. ఇక్కడ ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే అందరి కళ్ళూ నొప్పి ఉన్న చోటే ఉన్నాయి.

"యముడొచ్చినా వదిలించలేడన్నావు," అంది కామసాని. "కబురు పంపమంటావా?"

"ఎత్తిపొడుపులకు ఇదా సమయం, తల్లీ!"

ఆమె నవ్వు ఆపుకుంటూ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది. దవడలకు సొంత బలం లేదు. బలమంతా పక్కనున్న బద్దలది. ఒక బద్ద మీద ఆమె ఎక్కి నిలబడింది. "పెద్దయ్యా, మీరు అవతలి బద్ద ఎక్కండి," అంది. బాచయ్య కర్ర పక్కన పెట్టి ఎక్కాడు. ఇద్దరి బరువుకీ రెండు బద్దలూ కిందికి వంగాయి. దవడలు వాటంతటవే అటూ ఇటూ వాలిపోయాయి.

మాచన కాలు బయటికి తీసుకున్నాడు. చీలమండ చుట్టూ ఎర్రగా ఒక గీత పడింది, అంతే. అతను ఆ గీతను తడుముకుని, మొదటిసారి, ఎవరైనా చూస్తున్నారేమోనని చూడకుండా భార్యకు దణ్ణం పెట్టాడు.

"నువ్వు అడక్కపోతే, ఆ మొసలి పళ్ళు ఈపాటికి కొండ మీద ఉండేవి."

"అడగడానికేముంది," అంది ఆమె. "కాలు పెట్టింది నువ్వు."

ఆ రోజే మాచన రెండు బద్దల మీదా పాదం ఆనేటంత వెడల్పు పలకలు అతికాడు.

సభలో రాజు దాన్ని చూసి మొహం చిట్లించాడు. "పళ్ళేవి?"

"ఊడగొట్టాను ప్రభూ."

"ఎందుకు?"

"నా కాలు బతిమాలింది."

సభ నవ్వింది. రాజు నవ్వలేదు. "జాలిపడని కాపలా అడిగాను నేను."

"ఇనుముకు జాలెక్కడిది ప్రభూ? జాలి నా కాలిది. ఇది పట్టిందంటే వదలదు. ఇద్దరు మనుషులు చెరో పక్కా తొక్కితేనే వదులుతుంది. తోడేలుకు ఆ ఇద్దరూ దొరకరు."

పున్నమి దగ్గరపడింది. వేరే యంత్రానికి వ్యవధి లేదు. రాజు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. కొండ కింద గొర్రెల కాపరి ఈరమ్మ మంద ఉండే చోట, వాగు దారిలో యంత్రాన్ని పరిచి పైన ఎండుటాకులు చల్లారు. ఎలా తెరవాలో మాచన ఈరమ్మకు చూపించాడు.

మొదట చిక్కింది సగం తోక కుక్క. వద్దని చెప్పిన చోటికే వెళ్ళడం దాని అలవాటు. ఈరమ్మ తన చెల్లెల్ని పిలిచింది. అక్క ఒక పలక, చెల్లెలు ఒక పలక తొక్కారు. కుక్క కాలు విదిలించుకుని నాలుగడుగులు కుంటి, అయిదో అడుగు మామూలుగా వేసింది.

"కరిచిందనుకున్నాను," అంది కుక్క. "పట్టుకుందంతే. తోకకు పట్టిన గతి కాలికి పట్టలేదు. ఆ కమ్మరాయన చల్లగా ఉండాలి."

రెండోసారి చిక్కినదెవరో చెబితే మీరు నమ్మరు. రాజుగారి తల్లి!

రాజమాతకు కోట వంట నచ్చేది కాదు. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా, చెప్పుల్లేకుండా, వాగు ఒడ్డుకు పోయి పొన్నగంటి కూర కోసుకొచ్చేది. ఆ రోజూ ఒడి నింపుకుని తిరిగివస్తూ ఎండుటాకుల మీద కాలు పెట్టింది.

కబురు తెలిసి రాజు తలపాగా కూడా లేకుండా పరుగెత్తాడు. తల్లి నేల మీద కూర్చుని ఉంది. ముసలి కాలు, పుల్లలాంటి ఎముక. అది ఇనుప దవడల నడుమ ఉంది. రాజు మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో దవడలు లాగాడు. అరచేతులు కందిపోయాయి కానీ దవడలు కదల్లేదు. "కత్తి తెండి! గునపం తెండి!" అని అరిచాడు.

"లాగకు నాయనా, కదిలితే నొస్తోంది," అంది తల్లి. "ఆ కూర తొక్కకు. ఇంత పొద్దు కోశాను."

ఆ కేకలు విని, కొండ మీద మేపుతున్న ఈరమ్మ మంద వదిలి పరుగున వచ్చింది. రాజుకు దణ్ణం పెట్టలేదు. తీరిక లేదు.

"దొరా, దవడలు వదిలెయ్యి. ఆ పలక మీద ఎక్కు. నేను ఈ పలక ఎక్కుతా. ఇద్దరం ఒక్కసారే తొక్కాలి. ఊఁ!"

రాజు ఒక పక్క, కాపరి ఒక పక్క. ఇద్దరూ ఒక్కసారే తొక్కారు. దవడలు వాలిపోయాయి. రాజు తల్లి కాలిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఎముక వెంట వేళ్ళు నడిపి చూశాడు. విరగలేదు. చీలమండ చుట్టూ ఎర్రగా ఒక గీత, అంతే. మొసలి పళ్ళు గుర్తొచ్చాయి. తనే అడిగిన జాలిలేని కాపలా గుర్తొచ్చింది.

"ఈరమ్మా," అన్నాడు, "నువ్వు లేకపోతే..."

"నాదేముంది దొరా. తెరుచుకునేటట్టు చేసినాయన ఒకడున్నాడు. అడిగినావిడ ఒకతుంది."

మూడోసారి, పున్నమి నాటి ఉదయం, తోడేలు చిక్కింది.

రాజు బల్లెం పట్టుకుని వెళ్ళాడు. వెంట మాచన, కామసాని, ఈరమ్మ ఉన్నారు. తోడేలు పెనుగులాడటం మాని పడుకుని ఉంది. వెనక కాలు దవడల్లో ఉంది. ముందు కాలొకటి ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది.

"పొడిచెయ్యి," అంది తోడేలు. "కానీ ఒక మాట. ఈ ముందు కాలు చూశావా? నీ గోతిలోని మేకు తీసుకుంది. అంతకు ముందు నేను జింకల వెంట పరుగెత్తేదాన్ని. పరుగెత్తలేని తోడేలుకు మందలో గొర్రె తప్ప ఏం దొరుకుతుంది? మందకు నన్ను తోలింది నువ్వే. ఈ కాలు కూడా విరిగి తప్పించుకుని ఉంటే, మీ ఇళ్ళలో కోళ్ళ దాకా వచ్చేదాన్ని. ఇదేం ఇనుమో, పట్టుకుంది కానీ కాలు నాకే ఉంచింది. ఇన్నాళ్ళలో నన్ను విరగ్గొట్టకుండా పట్టుకున్నది ఇదొక్కటే."

రాజు బల్లెం నేలకు దించాడు. కామసాని వైపు తిరిగాడు.

"అమ్మా, అడగడం నీకు అలవాటట. ఇప్పుడేం అడుగుతావు?"

"గోతులు పూడ్పించండి ప్రభూ. ఆ మేకులు మాకు పంపితే కొడవళ్ళు చేస్తాం."

"మరి దీని ఆకలి?"

సమాధానం ఈరమ్మ చెప్పింది. "రోగమొచ్చో ముసలిదయ్యో చచ్చిన గొర్రెలను ఎలాగూ పూడ్చిపెడతాం. ఇక మీదట వాగు అవతల బండ మీద వేస్తాం. అది తిననీ. వాగు దాటి ఇటు రాకుండా ఉంటే చాలు."

"రాను," అంది తోడేలు. "వేరే తోడేలునూ రానివ్వను. కుంటిదాన్నైనా అరవగలను."

ఒక పలక రాజు తొక్కాడు. ఒక పలక మాచన తొక్కాడు. దవడలు వాలాయి. తోడేలు లేచి వాగు దాటింది. అవతలి ఒడ్డున ఆగి, తిరిగి చూసి, తల వంచి వెళ్ళిపోయింది. ఆ ఏడాది ఈరమ్మ మందలో ఒక్క పిల్ల కూడా తగ్గలేదు.

మేకులన్నీ కొడవళ్ళయ్యాయి. మొదటి కొడవలి తొలివాడుకకు రాజమాత స్వయంగా వచ్చి, మాచన కోసిన మొదటి పిడికెడు గడ్డిని ఈరమ్మ గొర్రెకు పెట్టింది. తన చీలమండ మీది గీతనూ మాచన కాలి మీది గీతనూ పక్కపక్కన పెట్టి చూసి, "ఒకే కంసాలి చేసిన కడియాల్లా ఉన్నాయి నాయనా," అని నవ్వింది.

మాచన మళ్ళీ గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? కానీ కొత్త పనిముట్టు ఏది చేసినా, గడప దగ్గర ఆగి, తిత్తి వైపు తిరిగి, కామసాని అడిగేదాకా వేచి ఉండేవాడు. అడిగినందుకు దణ్ణం పెట్టి, తొలివాడుక చేసి, అప్పుడు గడప దాటేవాడు.

పిల్లలూ, ఇంకొకరి కాలికి చేసే పనిముట్టును ముందు మన కాలితో చూసుకోవాలి, పట్టడం నేర్చినవారు విడిపించడం కూడా నేర్చుకోవాలి, అది మనకు గుర్తుచేసిన వారిని బతికినన్నాళ్ళూ తలుచుకోవాలి.